రాడార్ ఫీడ్ బతికే ఉందా? పింగ్‌ని నమ్మకుండా తెలుసుకునే పద్ధతి

రాడార్ డేటా సెంటర్‌కి వస్తోందా అని అడిగితే నెట్‌వర్క్ టీమ్ నుంచి ఎక్కువగా వినిపించే జవాబు "పింగ్ వస్తోంది సార్, లింక్ గ్రీన్‌గానే ఉంది". ఆ జవాబు అబద్ధం కాదు, కానీ అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. పింగ్ అంటే అటువైపు పరికరం బతికుందా అని పంపే చిన్న పలకరింపు మాత్రమే. రౌటర్ బతికి ఉండటం, అటువైపు రాడార్ యాంటెన్నా తిరుగుతూ ఉండటం, ఆ యాంటెన్నా చూసిన విమానం ఆలస్యం లేకుండా కంట్రోలర్ తెర మీదకి రావడం, ఇవి మూడు వేర్వేరు విషయాలు. మొదటిదాన్ని చూసి మూడోదాని గురించి హామీ ఇవ్వకూడదు. తెర నల్లబడితే కంట్రోలర్‌కి వెంటనే తెలుస్తుంది, పది సెకన్ల పాత బొమ్మ కదలకుండా ఉండిపోతేనే అసలు ప్రమాదం.

ఐపీ నెట్‌వర్క్ తెలిసి రాడార్ డేటా తెలియనివాళ్ల కోసం, రాడార్ తెలిసి మల్టీకాస్ట్ (ఒక్కసారి పంపిన డేటా అడిగినవాళ్లందరికీ చేరే పద్ధతి) అంటే టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సీఎన్ఎస్ (కమ్యూనికేషన్, నావిగేషన్, సర్వైలెన్స్) విభాగంలో కొత్తగా చేరినవాళ్లు, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సపోర్ట్‌లో పడినవాళ్లు ఎక్కువగా ఈ రెండు గుంపుల్లో ఏదో ఒకదానిలో ఉంటారు.

ముందు లైన్‌లో ఏం వస్తుందో చూద్దాం. సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్జ్‌లో అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090లో జవాబిస్తుంది. ఆ జవాబు నుంచి దూరం, కోణం, కోడ్, ఎత్తు తీసుకుని రాడార్ స్టేషన్‌లోని ప్రాసెసర్ ఒక ప్లాట్, అంటే ఆ క్షణంలో విమానం ఎక్కడుందో చెప్పే రికార్డు, తయారుచేస్తుంది. ఆ ప్లాట్‌ని సెంటర్‌కి పంపడానికి ప్రపంచంలో చాలా చోట్ల వాడే ఫార్మాట్ ఆస్టెరిక్స్, యూరోప్ విమాన రాకపోకల సంస్థ యూరోకంట్రోల్ తయారుచేసింది. ఇందులో ఒక్కో రకం సమాచారానికి ఒక్కో కేటగిరీ నంబర్ ఉంటుంది. రాడార్ ప్లాట్లు 048, రాడార్ తన గురించి తాను చెప్పుకునే సర్వీస్ మెసేజ్‌లు 034, ఏడీఎస్-బీ (విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేయడం) రిపోర్టులు 021, చాలా రాడార్ల డేటా కలిపి తయారైన సిస్టమ్ ట్రాక్‌లు 062. పాత రాడార్లయితే 048, 034ల బదులు 001, 002 పంపుతాయి. రోజువారీ పనికి ఇవి చాలు.

ఒకప్పుడు ఇదంతా 64 కిలోబిట్ల సీరియల్ లైన్ల మీద వచ్చేది. ఇప్పుడు యూడీపీ (చేరిందో లేదో కనుక్కోకుండా పంపే పద్ధతి) ప్యాకెట్లలో, ఎక్కువగా మల్టీకాస్ట్‌లో వస్తుంది, దీనికి రిజిస్టర్ అయిన పోర్ట్ నంబర్ 8600. మల్టీకాస్ట్ ఎందుకంటే ఒకే రాడార్ డేటా ట్రాకర్‌కి (ప్లాట్లని కలిపి విమానం దారి గీసే సాఫ్ట్‌వేర్), రికార్డర్‌కి, బైపాస్ డిస్‌ప్లేకి (ట్రాకర్ లేకుండా నేరుగా రాడార్‌ని చూపే తెర), పక్క సెంటర్‌కి, మీ మానిటర్‌కి ఒకేసారి కావాలి, రాడార్ ఒక్కసారి పంపితే నెట్‌వర్కే కాపీలు పంచుకుంటుంది. బ్యాండ్‌విడ్త్ గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. ఒక్కో విమానానికి 60 బైట్లు అనుకుని, 4 సెకన్లకో చుట్టు తిరిగే రాడార్ 100 విమానాలను చూస్తోందంటే సెకనుకి 1500 బైట్లు, అంటే 12 కిలోబిట్లు. వాట్సాప్ కాల్ ఇంతకంటే ఎక్కువ తింటుంది. అందుకే ట్రాఫిక్ గ్రాఫ్ చూసి రాడార్ ఆరోగ్యం అంచనా వేయడం దాదాపు కుదరని పని, గిగాబిట్ పోర్ట్ గ్రాఫ్‌లో రాడార్ ఉన్నా పోయినా గీత ఒకేలా కనిపిస్తుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఆపరేషనల్ నెట్‌వర్క్‌లో మీ ల్యాప్‌టాప్ నేరుగా గుచ్చకండి. స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ (వేరే పోర్ట్ ట్రాఫిక్ కాపీ ఇచ్చేది) అడగండి, లేదా మానిటరింగ్ కోసమే కేటాయించిన సర్వర్ అడగండి, ఏదైనా రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే. వినడం తప్ప ఒక్క డేటా ప్యాకెట్ కూడా ఆ మల్టీకాస్ట్ గ్రూప్‌లోకి మీ వైపు నుంచి పోకూడదు. ఎందుకంటే ఆస్టెరిక్స్‌లో ఎన్‌క్రిప్షన్ లేదు, పంపింది ఎవరో నిరూపించే సంతకం లేదు. సరైన గ్రూప్ అడ్రస్‌కి సరైన ఆకారంలో ప్యాకెట్ పంపితే రిసీవర్ దాన్ని రాడార్ మాటగానే తీసుకుంటుంది. రక్షణ అంతా నెట్‌వర్క్ గోడల్లోనే ఉంది: వేరే వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్), అంచు దగ్గర ఎవరిని రానివ్వాలో చెప్పే యాక్సెస్ లిస్ట్, ఫలానా సోర్స్ నుంచి వచ్చినదే తీసుకునే సోర్స్ స్పెసిఫిక్ మల్టీకాస్ట్. బయటి ఆఫీసులకి డేటా ఇవ్వాల్సి వస్తే ఒకే దిశలో పోనిచ్చే డేటా డయోడ్ వాడటం మంచిది.

సర్వర్ నుంచి వింటుంటే మొదటి గందరగోళం ఇక్కడే వస్తుంది. ప్యాకెట్లు చూపే టీసీపీడంప్ నడిపితే ఏమీ కనిపించదు, రాడార్ పోయిందనుకుంటారు. టీసీపీడంప్ ఉన్నది చూస్తుంది అంతే, గ్రూప్‌లో చేరదు. ఐజీఎంపీ (గ్రూప్‌లో చేరతానని చెప్పే ప్రోటోకాల్) మెసేజ్‌లు గమనించే స్నూపింగ్ ఉన్న స్విచ్, చేరతానని అడగని పోర్ట్‌కి ఆ డేటా పంపదు. కాబట్టి ముందు గ్రూప్‌లో చేరే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడుస్తూ ఉండాలి, పైథాన్‌లో పది పన్నెండు లైన్ల పని. చేరేటప్పుడు ఏ ఇంటర్‌ఫేస్ మీద చేరుతున్నారో స్పష్టంగా చెప్పండి, లేకపోతే రెండు మూడు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ తనకి నచ్చిన దాని మీద చేరిపోతుంది.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. టీసీపీడంప్‌లో ప్యాకెట్లు చక్కగా కనిపిస్తాయి, ప్రోగ్రామ్‌కి మాత్రం ఒక్కటీ అందదు. లైనక్స్ అయితే ముందు రివర్స్ పాత్ ఫిల్టర్ చూడండి. ప్యాకెట్ వచ్చిన ఇంటర్‌ఫేస్, ఆ సోర్స్ అడ్రస్‌కి తిరుగు దారి ఉన్న ఇంటర్‌ఫేస్ ఒకటి కాకపోతే కెర్నల్ దాన్ని నోరెత్తకుండా పారేస్తుంది, టీసీపీడంప్ అంతకంటే ముందే చూస్తుంది కాబట్టి దానికి కనిపిస్తుంది. రాడార్ సబ్‌నెట్‌కి సరైన రూట్ పెడితే సరిపోతుంది, ఫిల్టర్‌ని మొత్తంగా ఆపేయడం నాకు నచ్చదు.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది మాత్రం క్వెరియర్ లేని వీల్యాన్. లక్షణం ఇలా ఉంటుంది: అప్లికేషన్ రీస్టార్ట్ చేయగానే డేటా వస్తుంది, అందరూ హమ్మయ్య అనుకుని టీకి వెళ్తారు, నాలుగు నిమిషాల చిల్లరకి ఆగిపోతుంది. మళ్లీ రీస్టార్ట్, మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. నేరం సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది, వెండర్‌కి మెయిల్ పోతుంది. నిజానికి జరిగేది ఏమిటంటే, గ్రూప్‌లో ఇంకా ఎవరున్నారు అని 125 సెకన్లకోసారి అడిగే పరికరం, అంటే క్వెరియర్, ఆ వీల్యాన్‌లో ఉండాలి, సాధారణంగా మల్టీకాస్ట్ రౌటర్ ఆ పని చేస్తుంది. రౌటర్ లేని విడి వీల్యాన్‌లో అడిగేవాళ్లు ఉండరు, అడగకపోతే రిసీవర్ చెప్పదు, చెప్పకపోతే స్విచ్ 260 సెకన్లకి ఆ పేరు కొట్టేస్తుంది. స్విచ్‌లోనే ఐజీఎంపీ క్వెరియర్ ఆన్ చేయండి. ఆగే సమయం ప్రతిసారీ ఆ 260 దగ్గరే ఉందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంకో రెండు చిన్నవి. పంపేవైపు మల్టీకాస్ట్ టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని రౌటర్ల దాకా పోగలదో చెప్పే అంకె) డిఫాల్ట్‌గా 1 ఉంటుంది, అంటే మొదటి రౌటర్ దాటదు. ల్యాబ్‌లో పనిచేసి సైట్‌లో పనిచేయని కేసుల్లో దీన్ని ముందు చూడాలి. అలాగే 32 ఐపీ మల్టీకాస్ట్ అడ్రస్‌లకి ఈథర్‌నెట్‌లో ఒకే మ్యాక్ (హార్డ్‌వేర్ స్థాయి) అడ్రస్ వస్తుంది. 239.1.1.1, 239.129.1.1 రెండూ మ్యాక్ దృష్టిలో ఒకటే, కాబట్టి గ్రూప్ అడ్రస్‌లు పంచేటప్పుడు చివరి 23 బిట్లు వేర్వేరుగా ఉండేలా చూసుకోండి.

డేటా అందింది. ఇప్పుడు దాన్ని చదవడం నేర్చుకోవాలి, కనీసం ఒక్కసారైనా చేత్తో. వైర్‌షార్క్‌కి ఆస్టెరిక్స్ తెలుసు, అన్నీ విప్పి చూపిస్తుంది, కానీ ఒక నార్త్ మార్కర్‌ని (యాంటెన్నా ఉత్తరం దాటగానే రాడార్ పంపే మెసేజ్) కాగితం మీద విప్పితే వచ్చే ధైర్యం వేరు. ఈ బైట్లు దశాంశంలో చూడండి: 34, 0, 12, 232, తర్వాత రెండు బైట్ల రాడార్ గుర్తింపు, ఆపై 1, 38, 172, 0, 2, 0. మొదటి 34 కేటగిరీ. 0, 12 కలిపి పొడవు, ఈ మూడు బైట్లతో సహా మొత్తం 12, లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. 232ని బిట్లుగా రాస్తే 11101000. కేటగిరీ 034లోని ఐటమ్స్ జాబితాలో 1, 2, 3, 5 స్థానాల్లోవి ఇందులో ఉన్నాయని అర్థం, చివరి బిట్ 0 కాబట్టి జాబితా ఇక్కడితో ఆగింది. ఒకటోది రాడార్ గుర్తింపు, దేశానికో ప్రాంతానికో ఇచ్చే శాక్, అందులో ఫలానా రాడార్‌ని చెప్పే సిక్. రెండోది మెసేజ్ రకం, 1 అంటే నార్త్ మార్కర్, 2 అయితే సెక్టార్ క్రాసింగ్. మూడోది సమయం: 38, 172, 0 కలిపితే 25,34,400, దాన్ని 128తో భాగిస్తే 19,800 సెకన్లు, అంటే యూటీసీ ప్రకారం ఉదయం 5:30, మన టైమ్ 11 గంటలు. ఐదోది యాంటెన్నా చుట్టు సమయం: 512ని 128తో భాగిస్తే 4 సెకన్లు.

నార్త్ మార్కరే మీ మానిటర్‌కి ఆయువుపట్టు. యాంటెన్నా ఉత్తరం దాటిన ప్రతిసారీ ఒకటి వస్తుంది. ఆకాశంలో ఒక్క విమానం లేకపోయినా వస్తుంది, అందుకే ప్లాట్ల సంఖ్య కంటే దీన్ని నమ్మండి. ఎయిర్‌పోర్ట్ దగ్గరి రాడార్లు సాధారణంగా 4, 5 సెకన్లకో చుట్టు, దూరపు ఎన్-రూట్ రాడార్లు 10, 12 సెకన్లకో చుట్టు తిరుగుతాయి. కాబట్టి అన్ని రాడార్లకి ఒకే టైమౌట్ పెట్టకండి, ఒక్కోదాని చుట్టు సమయాన్ని అదే పంపుతోంది, దాన్నే తీసుకుని ఒక చుట్టు తప్పితే పసుపు, రెండు తప్పితే ఎరుపు అని పెట్టుకోండి. 12 సెకన్ల రాడార్‌కి 10 సెకన్ల టైమౌట్ పెడితే రోజంతా అలారమ్‌లు మోగుతాయి, వారంలోపు ఎవరో ఒకరు ఆ సౌండ్ ఆపేస్తారు, ఆ తర్వాత నిజంగా పోయినప్పుడు కూడా వినేవాళ్లు ఉండరు.

చుట్టులో మధ్యలో పోయే ప్యాకెట్లని పట్టుకోవాలంటే సెక్టార్ మెసేజ్‌లు చూడాలి. చుట్టుని 32 సెక్టార్లుగా చేసే రాడార్ అయితే సెక్టార్ నంబర్ 0, 8, 16 అని ఎనిమిదేసి పెరుగుతూ 248 దాకా పోయి మళ్లీ 0కి వస్తుంది, 4 సెకన్ల చుట్టులో రెండింటి మధ్య 125 మిల్లీసెకన్లు. 40 తర్వాత 56 వచ్చిందంటే 48 దారిలో ఎక్కడో రాలిపోయింది, దానితో పాటు ఆ ముక్కలోని విమానాలు కూడా పోయి ఉండొచ్చు. రోజుకి ఒకటీ అరా పోతే పట్టించుకోనక్కర్లేదు గానీ, ఎప్పుడూ ఒకే సెక్టార్ దగ్గర పోతోందంటే అది నెట్‌వర్క్ తప్పు కాకపోవచ్చు, రాడార్ స్టేషన్‌ వాళ్లని అడగండి. అన్ని సెక్టార్లలో అటూఇటూగా పోతుంటే అప్పుడు మీ స్విచ్ పోర్ట్‌లో ఎర్రర్లు వెతకండి.

తర్వాత ఆలస్యం. ప్రతి ప్లాట్‌లో అది పుట్టిన సమయం ఉంటుంది, మీ దగ్గరికి చేరిన సమయంలోంచి దాన్ని తీసేస్తే డేటా వయసు తెలుస్తుంది. నా లెక్కలో మొత్తం వ్యవస్థలో అత్యంత విలువైన అంకె ఇదే, అయినా చాలా చోట్ల దీన్ని కొలవరు. కొలవాలంటే రెండు చోట్లా గడియారాలు జీపీఎస్‌కి కట్టి ఉండాలి. ఆలస్యం మైనస్‌లో వస్తే రెండింటిలో ఒక గడియారం తప్పుగా నడుస్తోంది, ముందు అది సరిచేయండి. సగటు మాత్రమే గీస్తే మోసపోతారు, చుట్టులో అత్యధిక ఆలస్యం ఎంతో కూడా గీయండి. రెండు మూడు వారాలు గమనిస్తే ఒక్కో రాడార్‌కి దాని మామూలు అంకె తెలిసిపోతుంది. తర్వాత ఒకరోజు అది ఉన్నట్టుండి ఒక మెట్టు పెరిగి అక్కడే నిలబడిందంటే, ట్రాఫిక్ రెండో దారిలోకి మళ్లి ఉండొచ్చు, మెయిన్ లైన్ పోయిన సంగతి టెలికాం వాళ్లకంటే ముందే మీకు తెలుస్తుంది.

సమయం ఐటమ్ యూటీసీ అర్ధరాత్రి సున్నాకి తిరిగిపోతుంది. మనకి అది తెల్లవారి ఐదున్నర. ఈ సంగతి చూసుకోకుండా రాసిన ప్రోగ్రామ్ రోజూ ఐదున్నరకి డేటా సమయంలో 24 గంటల తేడా ఉందని అరుస్తుంది. తేడా 12 గంటలు దాటితే 86,400 సెకన్లు కలపడమో తీసేయడమో చేయండి.

ప్లాట్ల సంఖ్యకి స్థిరమైన హద్దు పెట్టకండి, పగలు రాత్రి తేడా చాలా ఉంటుంది. దానికంటే నమ్మకమైనది ఫీల్డ్ మానిటర్. రాడార్‌కి కొంత దూరంలో ఒక ట్రాన్స్‌పాండర్‌ని స్థిరంగా పాతిపెడతారు. దాని నుంచి వచ్చిన ప్లాట్‌కి 048లోని టార్గెట్ రిపోర్ట్ డిస్క్రిప్టర్‌లో ప్రత్యేకంగా ఒక బిట్ ఉంటుంది. ప్రతి చుట్టులో అదే దూరంలో, అదే కోణంలో కనిపించాలి. కనిపించకపోతే యాంటెన్నా తిరుగుతున్నా రాడార్‌కి చూపు లేనట్టే, నార్త్ మార్కర్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు. కోణం నెమ్మదిగా జరుగుతోందంటే ఉత్తరం లెక్క తప్పుతోంది. 048లో కోణం 360 డిగ్రీలని 65,536 భాగాలు చేసి పంపుతారు, కాబట్టి చిన్న జరుగుడు కూడా గ్రాఫ్‌లో తెలుస్తుంది.

ఒక్కో రాడార్‌ని విడిగా ఎందుకు చూడాలంటే, ట్రాకర్ తప్పులని కప్పేస్తుంది కాబట్టి. యూరోప్‌లో వాడే ఆర్టాస్ లాంటి మల్టీ రాడార్ ట్రాకర్లు నాలుగు రాడార్లు చూసే చోట ఒకటి పోతే మిగతా మూడింటితో ట్రాక్ నడిపించేస్తాయి. అన్నీ పోయినా కొన్ని చుట్ల దాకా పాత వేగంతో అంచనా వేసి ట్రాక్‌ని ముందుకి జరుపుతాయి, దీన్నే కోస్టింగ్ అంటారు. వాటి పని అదే, తప్పు పట్టడానికి లేదు. కానీ తెర చూసి అంతా బాగుందనుకుంటే నాలుగింటిలో మూడు ఎప్పుడు పోయాయో మీకు తెలియదు, నాలుగోది పోయాకే తెలుస్తుంది. ట్రాకర్ 063 కేటగిరీలో ఏ సెన్సర్ స్థితి ఎలా ఉందో, 065లో తన సొంత స్థితి ఏమిటో చెబుతుంది. వాటిని కూడా మీ బోర్డు మీదకి తెచ్చుకోండి, మీ సొంత లెక్కతో పోల్చండి, ఈ రెండూ కలవని రోజు దగ్గర కూర్చుని చూడాల్సిన రోజు.

లైన్ల గురించి చెప్పకుండా ముగించలేను. 2024 జూలైలో అమెరికాలో నెవార్క్ ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఆకాశాన్ని చూసే పనిని న్యూయార్క్ కేంద్రం నుంచి ఫిలడెల్ఫియాకి మార్చారు. కంట్రోలర్లు మారారు గానీ రాడార్ డేటా న్యూయార్క్‌లోని స్టార్స్ అనే, కంట్రోలర్ తెరలకి రాడార్ చూపే వ్యవస్థ నుంచి టెలికాం లైన్ల మీద ఫిలడెల్ఫియాకి వెళ్లేది. 2025 ఏప్రిల్ 28న సుమారు 90 సెకన్ల పాటు తెరలూ పోయాయి, రేడియో కూడా పోయింది. మే 9న మళ్లీ అలాగే జరిగింది. ఆ తర్వాత అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ప్రకటించిన మందు ఏమిటో చూడండి: మూడు కొత్త లైన్లు, రాగి తీగల బదులు ఫైబర్, ఫిలడెల్ఫియాలో తాత్కాలిక బ్యాకప్, అక్కడే సొంత స్టార్స్ హబ్. మొదటి మూడూ లైన్‌ని గట్టిచేసేవి, నాలుగోది ఆ లైన్ మీద ఆధారపడటమే తగ్గించేది. నన్నడిగితే నాలుగోదే అసలు మందు.

మన దగ్గర రెండు లైన్లు ఉన్నాయని కాగితం మీద రాసి ఉంటుంది. రెండు కంపెనీల నుంచి తీసుకున్నారు, బిల్లులు రెండు వస్తున్నాయి, కానీ ఆ రెండు ఫైబర్లూ రోడ్డు పక్కన ఒకే డక్ట్‌లో పోతున్నాయేమో ఎవరూ అడగరు. రోడ్డు వెడల్పు చేసే జేసీబీకి కంపెనీ పేర్లతో పనిలేదు, ఒకే గీతలో రెండూ తెగుతాయి. భౌతికంగా ఏ దారిలో పోతున్నాయో మ్యాప్ ఇమ్మని అడగండి, ఇవ్వకపోతే టెండర్‌లో షరతుగా పెట్టించండి. రెండు దారుల్లోనూ డేటా ఎప్పుడూ పారుతూ ఉండాలి, ఏ, బీ రెండిటినీ విడివిడిగా కొలవాలి. ఖాళీగా పడి ఉన్న స్టాండ్‌బై లైన్ పనిచేస్తుందో లేదో అవసరం పడ్డ రోజు దాకా ఎవరికీ తెలియదు. రెండూ వస్తున్నప్పుడు రిసీవర్ డూప్లికేట్లు తీసేయాలి, లేకపోతే ఒక విమానానికి రెండు ప్లాట్లు పడతాయి.

ఇంకో చిక్కు ఎడిషన్లది. ఆస్టెరిక్స్ కేటగిరీలకి ఎడిషన్లు ఉంటాయి, పంపేవాళ్లు ఒకటి, చదివేవాళ్లు ఇంకొకటి వాడితే బైట్లన్నీ వస్తాయి గానీ అర్థం మారిపోతుంది. 021లో ఇది మరీ ఎక్కువ, పాత ఏడీఎస్-బీ స్టేషన్లు 0.23, 0.26 ఎడిషన్లు పంపుతాయి, తర్వాతి ఎడిషన్లలో ఐటమ్స్ వరసే వేరు. విమానాలు సముద్రంలో, భూగోళం అవతల కనిపిస్తుంటే ఆ స్టేషన్ మాన్యువల్‌లో ముందు ఎడిషన్ నంబర్ చూడండి. అలాగే టెస్ట్ కోసం పెట్టిన సిక్ నంబర్ తీయడం మర్చిపోతే రెండు రాడార్లు ఒకే పేరుతో వస్తాయి, కాబట్టి తెలియని శాక్ సిక్ జత కనిపించినా, తెలిసిన జత కొత్త సోర్స్ ఐపీ నుంచి వచ్చినా అలారమ్ మోగేలా పెట్టండి.

రికార్డింగ్‌కి ఖర్చు భయం వద్దు. ముందు చెప్పిన సెకనుకి 1500 బైట్ల లెక్కన ఒక రాడార్‌కి రోజుకి 130 మెగాబైట్లు, నెలకి 4 గిగాబైట్లు కూడా కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏవో అనెక్స్ 11 సర్వైలెన్స్ డేటాని కనీసం 30 రోజులు దాచమంటుంది. ఆ పని అధికారిక రికార్డర్ చేస్తుంది, మీరు మీ వంతుగా ముడి ప్యాకెట్లని చేరిన సమయంతో సహా విడిగా దాచుకోండి. గొడవ వచ్చినప్పుడు, డేటా రాలేదని ఒకరు, పంపామని ఇంకొకరు అన్నప్పుడు, ఆ ఫైలే మాట్లాడుతుంది.

లైవ్ రాడార్ అందుబాటులో లేనివాళ్లు కూడా ఇదంతా ఇంట్లో సాధన చేయొచ్చు. క్రొయేషియా ఏటీసీ సంస్థ క్రొయేషియా కంట్రోల్ వాళ్లు గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టిన ఆస్టెరిక్స్ డీకోడర్‌తో పాటు శాంపిల్ క్యాప్చర్ ఫైళ్లు కూడా ఉంటాయి. వాటిని వైర్‌షార్క్‌లో తెరిచి ఒక నార్త్ మార్కర్‌ని చేత్తో విప్పండి, తర్వాత క్యాప్చర్ ఫైల్‌ని మళ్లీ పంపే టీసీపీరీప్లేతో మీ ఇంటి స్విచ్ మీద మల్టీకాస్ట్‌గా వదిలి పైన చెప్పిన కౌంటర్లు ఒక్కొక్కటే రాయండి. వైఫై మీద మాత్రం వద్దు, వైఫైలో మల్టీకాస్ట్ ప్యాకెట్లు ఊరికే రాలిపోతాయి, తప్పు మీ కోడ్‌దో గాలిదో తేలదు. రీప్లే చేసేటప్పుడు ఫైల్‌లోని సమయాలు పాతవి కాబట్టి ఆలస్యం లెక్క వింతగా వస్తుంది, ముందు దాన్ని పక్కనపెట్టి నార్త్ మార్కర్‌తో మొదలుపెట్టండి. అది కుదిరాక రీప్లేని మధ్యలో ఆపేసి, మీ అలారమ్ ఎన్ని చుట్లకి మోగిందో చూడండి.